ఊపిరాడని బండి

సిమెంటు లారీని సగం దాటాక బండి ఒక్కసారిగా నీరసించింది.

ఇంజను ఆగలేదు. ఆడుతూనే ఉంది. కాలికింద యాక్సిలరేటరు అడుగంటా తొక్కి ఉంది. అయినా ఎవరో వెనకనుంచి బంపరు పట్టుకుని లాగుతున్నట్టు బండి ముందుకు పోనంటోంది. పక్కన లారీ చక్రాలు కిటికీ ఎత్తున తిరుగుతున్నాయి. ఎదురుగా ఇంకో లారీ దీపాలు వేస్తూ ఆర్పుతూ, హారన్ మోగిస్తూ మీదికి వచ్చేస్తోంది. వెనక సీట్లో తొమ్మిదేళ్ల కూతురు లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచుంది.

ఆమె కాలు తీసి బ్రేకు మీద నిలబడింది. సిమెంటు లారీ ముందుకు పోయింది. దాని వెనక్కి ఆమె బండిని లాగిందో లేదో ఎదుటి లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి బండి మొత్తం ఊగింది.

"అమ్మా, దాటకుండా మళ్లీ వెనక్కెందుకొచ్చాం?" అంది కూతురు. ఆ పిల్లకి ఇంట్లో 'లాయరు' అని పేరు. దేనికైనా ఎందుకు అని అడక్కుండా వదలదు.

ఆమె రోడ్డు పక్కన ఆపింది. చేతులు వణుకుతున్నాయి. ఆమె పశువుల డాక్టరు. అడ్డం తిరిగిన దూడని భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి లాగినా ఆ చేతులు ఏనాడూ వణికింది లేదు. ఇప్పుడు సీసా మూత తీసుకోలేక కూతురికిచ్చి తీయించుకుని నీళ్లు తాగింది.

"ఇది తాతయ్యకి చెప్పకు."

"ఎందుకు?"

"భయపడతారు."

లాయరు కూడా ఈసారి ఎదురు అడగలేదు. మూడేళ్ల కిందట ఇలాంటి రోడ్డు మీదే, ఇలాగే ఒక లారీని దాటబోయి వాళ్ల నాన్న చనిపోయాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ముగ్గురే. డాక్టరమ్మ, కూతురు, మామగారు. మామగారు నలభై ఏళ్లు లేతు షాపులో పనిచేసి, కొడుకు పోయిన రోజునే పని మానేసిన మనిషి. మితభాషి. ఇంటి వెనక రేకుల గదిలో, లోహాన్ని తిప్పి చెక్కే పాత చిన్న లేతు ఒకటి పెట్టుకుని ఏదో ఒకటి తిప్పుతూ ఉంటాడు. అల్మారా పిడులు, కుళాయి తలలు, మనవరాలికి బొంగరం, అన్నీ ఇత్తడివే. ఏది చేసినా అంచులు రెండువైపులా నున్నగా అరగదీస్తాడు. "ఎవరి వేలూ తెగకూడదు" అంటాడు. అదొక్కటే ఆయన చెప్పే నీతి.

పాత బండి చచ్చిపోతే అయిదు నెలల కిందట ఆమె ఈ బండి కొంది. వాడిన బండే, కానీ టర్బో ఉంది. అంటే ఇంజనుకి గాలిని బలవంతంగా ఊదిపెట్టే చిన్న పంకా. చిన్న ఇంజనుకి పెద్ద ఊపిరి పెట్టినట్టు. ఆమె వెళ్లే డైరీ ఫారాలు దూరం దూరంగా ఉంటాయి, ఎత్తుపల్లాల దారులు. బండి వచ్చిన రోజు మామగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఇది ఎంత స్పీడు పోతుంది?"

"ఎంత తొక్కితే అంత, మావయ్యా" అని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

మూడు నెలలు బండి బంగారంలా నడిచింది. తర్వాత మొదలైంది ఈ జబ్బు. వీధి చివర గ్యారేజీ అతను ముందు స్పార్కు ప్లగ్గులు మార్చాడు. తగ్గలేదు. కాయిల్సు మార్చాడు. తగ్గలేదు. "పాత బండి కదా మేడం, అలవాటు పడాలి" అన్నాడు. సరేనని అలవాటు పడుతూ ఉండగానే సిమెంటు లారీ ఎదురైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె బండిని నాడి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొడుగాటి ఇనపకడ్డీ ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని వింటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు, ఒక్కటీ రాయదు.

"ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?"

"మెల్లగా పోతే ఏమీ లేదు. గట్టిగా తొక్కినప్పుడే. ఒక్క క్షణం బాగా లాగుతుంది, వెంటనే చతికిలబడుతుంది. కాలు తీస్తే మళ్లీ మామూలు. నిలబడ్డప్పుడు ఎంత రేజ్ చేసినా రాదు."

మేస్త్రి కనుబొమ్మలెత్తాడు. "ఇంత వివరంగా చెప్పేవాళ్లు నాకు దొరకరు, డాక్టరమ్మా. అందరూ 'బండి బాలేదు' అంటారు, అంతే."

"నా పేషెంట్లు నోరు తెరిచి చెప్పవు మేస్త్రిగారూ. మీ పేషెంట్లూ అంతేగా."

ఆయన పకపకా నవ్వాడు. నిన్న జరిగింది ఆమె చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. బండిలో ఎవరున్నారో విన్నాక కడ్డీ పక్కన పెట్టి, "ఇది తేలేదాకా మీరు దీన్ని బయటికి తియ్యొద్దు" అన్నాడు.

ఇంజనుకి మూడే కావాలి, నిప్పు, పెట్రోలు, గాలి. నిప్పు సంగతి ముందు గ్యారేజీలో తేలిపోయింది. పెట్రోలు సంగతి మొదటిరోజు చూశాడు. ఇంధనం పైపుకి ఒత్తిడి కొలిచే మీటరు కట్టి, దాన్ని ముందు అద్దం మీద టేపుతో అతికించి, ఆమెని పక్కన కూచోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద తొక్కాడు. బండి చతికిలబడింది. మీటరు ముల్లు మాత్రం ఉన్నచోటినుంచి దిగలేదు.

"పెట్రోలు నిర్దోషి" అన్నాడు.

రెండోరోజు గాలి. టర్బో నుంచి ఇంజనుకి పోయే పైపుల్లోకి పొగ నింపాడు, చిల్లుంటే బయటికొస్తుందని. అగరువత్తి పొగంత కూడా రాలేదు. టర్బో పంకాని వేలితో తిప్పి చూశాడు. సాఫీగా తిరిగింది. ఎయిర్ ఫిల్టరు తీసి చూశాడు. కొత్తదానిలా ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి మళ్లీ రోడ్డెక్కారు. తెర మీద గాలి లెక్క నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి, ఎక్కి, ఒక్కసారిగా గోతిలో పడింది.

"చూశారా? గాలి వస్తూ వస్తూ టక్కున ఆగిపోతోంది" అన్నాడు మేస్త్రి. "ఎవరో గొంతు నొక్కినట్టు. నిలబెట్టి చూస్తే ఏమీ కనపడదు. పరుగెత్తేటప్పుడే చూడాలి. ఎలా చూస్తాం?"

"కెమెరా పెడదాం" అంది ఆమె. "పొట్టలోకి మేం పంపుతాం కదా."

మూడోరోజు ఆయన పాత ఫోనుకి చిన్న దీపం జతచేసి, బానెట్ కింద టేపుతో గట్టిగా బిగించి రికార్డింగ్ పెట్టాడు. ఒక చుట్టు తిరిగొచ్చి, పానాల బల్ల మీద ఫోను పెట్టి ఇద్దరూ వంగి చూశారు. ఫిల్టరు డబ్బా నుంచి టర్బోకి పోయే నల్లటి రబ్బరు పైపు, మనిషి చెయ్యంత లావుది, తెర మధ్యలో వణుకుతోంది. ఇంజను రొద పెరిగింది. ఉన్నట్టుండి ఆ పైపు నడుం పీక్కుపోయింది. రెండు గోడలూ లోపలికి ముడుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రొద తగ్గగానే బుస్సుమని ఉబ్బి మామూలైంది.

"ఓరి నాయనో!" అన్నాడు మేస్త్రి.

ఆమె తెర మీదికి ఇంకా వంగింది. ఊపిరాడక కొట్టుకునే జంతువుల్ని ఎన్నింటినో చూసిన మనిషి. ఇనప యంత్రంలో అదే చూస్తానని అనుకోలేదు. ఆ ముడుచుకున్న ఒక్క క్షణంలోనే కదా ఎదుటి లారీ వచ్చింది.

మేస్త్రి నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశాడు. "రబ్బరు పాతబడి మెత్తబడింది, నిజమే. కానీ ఉత్తినే ఇంతలా పీక్కుపోదు. దీనికి ముందు ఎక్కడో గాలికి అడ్డం ఉంది."

క్లిప్పులు వదులు చేసి పైపు ఊడదీశాడు. టార్చి వేసి లోపలికి చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఏంటి?"

ఆయన స్క్రూడ్రైవరు కొసతో మెల్లగా లాగాడు. పైపు మూతి లోంచి, క్లిప్పు కింద సరిగ్గా ఇమిడి కూచున్న ఒక బిళ్ల బయటికొచ్చింది. గుండ్రంగా, నాలుగువేళ్ల వెడల్పు. మధ్యలో బొటనవేలు మాత్రమే పట్టే రంధ్రం.

"కంపెనీది కాదు ఇది. ఎవడో కావాలని పెట్టాడు" అన్నాడు మేస్త్రి, కోపం పొంగుతుండగా. "కొలతలు తీసి, లేతు మీద తిప్పి, కదలకుండా కూచునేలా చేశాడు. బండికి గాలి అందకుండా చెయ్యడానికి! మీకంటే ముందు నడిపినవాడెవడో గాని, వాడికి పనొచ్చు, బుద్ధి లేదు. మనుషుల్ని చంపే పని ఇది. నేనే గనక వాణ్ణి..."

మాట మధ్యలో ఆగిపోయింది. గుడ్డతో బిళ్ల తుడుస్తున్న చెయ్యి కూడా ఆగింది. బొటనవేలు ఒకసారి అంచు మీదుగా పోనిచ్చాడు. రెండోసారి పోనిచ్చాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. పని ఇంకా సగం కూడా కాలేదు.

ఆమె బిళ్ల చేతిలోకి తీసుకుంది. ఇత్తడి. అంచులు రెండువైపులా నున్నగా, సబ్బు ముక్కలా ఉన్నాయి.

గ్యారేజీలో రేడియో పాడుతూనే ఉంది, ఆమెకి వినపడలేదు. పొద్దున్నే అల్మారా తలుపు తీసినప్పుడు వేళ్లకి తగిలిన నునుపు ఇదే.

"ఇరవై ఏళ్లు నా బళ్ల ఇత్తడి బుష్‌లన్నీ ఆయన దగ్గరే తిప్పించుకున్నానమ్మా" అన్నాడు మేస్త్రి, వెనక్కి తిరక్కుండా.

"మీరు పొరబడ్డారేమో."

"పడితే బాగుండును."

ఆమె పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. రెండు నెలల కిందట ఒక ఆదివారం, తను నిద్రపోతుంటే ఆయన బండి కడిగిపెట్టాడు. లేచి చూసి ఎంత మురిసిపోయిందో! "ఎందుకు మావయ్యా మీకు శ్రమ" అని కాఫీ కలిపి ఇచ్చింది కూడా.

ఆమె ఇంటికి నడిచే వెళ్లింది. మామగారు వంటింటి బల్ల దగ్గర కూచుని మనవరాలి స్కూలు బ్యాగు జిప్పు బాగుచేస్తున్నాడు. ఆమె బిళ్ల ఆయన ముందు పెట్టింది.

ఆయన చూశాడు. కళ్లజోడు సవరించుకున్నాడు.

"దొరికిందా?" అన్నాడు.

అంతే. పోయిన తాళంచెవి సంగతి అడిగినట్టు. ఏ అబద్ధమో ఆడతాడని, తెలీదంటాడని దారంతా ఆశపడుతూ వచ్చింది ఆమె. ఆ ఒక్క మాటతో ఆ ఆశ పోయింది.

"ఎందుకు మావయ్యా?"

"ఎనభై దాటకుండా ఉంటే చాలనుకున్నానమ్మా. లెక్క వేసే చేశా. రంధ్రం మూడుసార్లు మార్చా. మెల్లగా పోయేటప్పుడు నీకు తేడా తెలీకూడదని..."

"లెక్క!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పైపు ముడుచుకుపోతుందని వేశారా ఆ లెక్కలో? పోయిన గురువారం నేను లారీని దాటుతున్నా. సగంలో బండి చచ్చింది. ఎదురుగా ఇంకో లారీ. డ్రైవరు మీసం కనపడింది మావయ్యా నాకు, అంత దగ్గర!"

ఆయన చేతిలో జిప్పు కదలడం మానేసింది.

"వెనక సీట్లో పాప ఉంది" అంది ఆమె.

ఆయన లేచాడు. ఎందుకు లేచాడో తెలియనట్టు నిలబడ్డాడు. మళ్లీ కూచోబోతే కుర్చీ అంచు తగిలి తూలాడు. బల్ల పట్టుకున్నాడు. మనిషి మొహంలో రంగు దిగిపోవడం ఆమె కళ్లారా చూసింది.

"గురువారం..." అన్నాడు. "నాకు చెప్పలేదేమమ్మా?"

"మీరు భయపడతారని. మీరు నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఒప్పుకోవని."

గుమ్మం దగ్గర చప్పుడైంది. లాయరు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"తాతయ్యా, బండి పాడు చేసింది నువ్వా?"

"అవునమ్మా."

"ఎందుకు?"

ఆ పిల్ల ఎన్ని వందల 'ఎందుకు'లకో ఓపిగ్గా జవాబు చెప్పిన మనిషి, ఆ రోజు మాత్రం జిప్పు సగంలో వదిలేసి రేకుల గదిలోకి వెళ్లిపోయాడు.

తొమ్మిదిరోజులు ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకీ మాటల్లేవు. "తాతయ్యని అన్నానికి రమ్మను." "అమ్మకి చెప్పు, గొడుగు గుమ్మంలో పెట్టానని." మధ్యలో పిల్ల అటూ ఇటూ మాటలు మోసీ మోసీ విసిగిపోయింది. డాక్టరమ్మ తోటి డాక్టరు బండెక్కి పనికి పోయి వస్తోంది. రేకుల గదిలో లేతు చప్పుడు ఆగిపోయింది. ఆయన్ని చూస్తే ఆమెకి జాలి వేసేది, మరుక్షణమే వెనక సీటు గుర్తొచ్చి ఒళ్లు మండేది.

అయిదోరోజు నాడి మేస్త్రి ఫోన్ చేశాడు. "మీ మావయ్యగారు వచ్చారమ్మా. నడిచొచ్చారు. షాపు నిండా జనం ఉన్నారు. అందరి ముందూ నిలబడి, 'ఆ పని చేసింది నేను, ఇంకెవర్నీ అనొద్దు' అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆయన్ని పట్టుకుని బుద్ధిలేదన్నాను కదా నేను."

"ఆయనని తెలీక అన్నారు కదా."

"తెలిశాక కూడా అదే మాటమ్మా" అన్నాడు మేస్త్రి నిజాయితీగా. "కానీ కుర్చీ వేశాను."

కొత్త పైపు వచ్చిందని పదోరోజు కబురొస్తే ఆమె వెళ్లింది. మామగారు అప్పటికే అక్కడ బల్ల మీద కూచుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.

"నడిపి చూస్తావు కదా. నేనూ వస్తాను" అన్నాడు. తొమ్మిదిరోజుల తర్వాత నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది. కొడుకు పోయాక ఆయన కారెక్కలేదు. ఎక్కడికైనా బస్సే, లేకపోతే కాలినడక.

ఆమె పక్క తలుపు తీసింది.

ఊరు దాటాక తిన్నటి రోడ్డు. కలప దుంగలు వేసుకున్న లారీ ఒకటి ముందు మెల్లగా పోతోంది. ఎదర కనుచూపు మేర ఖాళీ. ఆమె అద్దంలో చూసింది, సిగ్నల్ వేసింది, అయినా కాలు కదల్లేదు. ఒంట్లో ఎక్కడో ఆ గురువారం ఇంకా అలాగే ఉంది.

"తొక్కమ్మా" అన్నాడాయన.

తొక్కింది. ముక్కులో తెమడ తీసేసిన దూడ మొదటిసారి గాలి పీల్చినట్టు బండి ఒక్క ఊపున లేచింది. దుంగలు, చక్రాలు, లారీ ముందు అద్దం వెనక్కి జారిపోయాయి. నాలుగంటే నాలుగు క్షణాలు. దాటేశారు. పక్కకి చూస్తే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో సీటు పట్టుకుని ఉన్నాడు.

"ఆపమ్మా. కాస్త ఆపు."

ఆపింది. ఆయన దిగి, రోడ్డు పక్క రెయిలింగు మీద కూచున్నాడు. ఆమె నీళ్లసీసా తెచ్చిచ్చింది. తాగలేదు.

"ఆ రోజు వాడికి ఫోన్ చేసింది నేనే" అన్నాడు.

ఆమెకి ముందు అర్థం కాలేదు.

"షాపులో నాకదే ఆఖరి రోజు. అందరూ నిలబడి ఉన్నారు, కేకు కొయ్యాలని. వాడు రాలేదు. ఫోన్ చేశా. 'ఎక్కడున్నావురా, నీకోసం ఇంతమందీ ఆగారు, తొందరగా రా' అన్నా. 'వచ్చేస్తున్నా నాన్నా, ముందు లారీ ఒకటి అడ్డముంది, దాటేసి వచ్చేస్తా' అన్నాడు." ఆయన సీసా పక్కన పెట్టాడు. "కేకు కోసేశాంలే, నింపాదిగా రా అని అనుంటే సరిపోయేది."

మూడేళ్లు ఆమె చనిపోయిన మనిషి మీద కోపం పెట్టుకుని బతికింది. ఎప్పుడూ అందరికీ దారి ఇచ్చే మనిషి ఆ ఒక్కరోజు అంత తొందర ఎందుకు పడ్డాడని, తనూ పిల్లా ఎందుకు గుర్తుకు రాలేదని. ఆ తొందర ఎవరిదో ఇప్పుడు తెలిసింది. తలలో ఏదీ నిలబడలేదు. రెయిలింగు పట్టుకుని ఆయన పక్కనే కూచుంది. లారీలు పోతున్నాయి. దాటి వచ్చిన దుంగల లారీ కూడా వాళ్ల ముందునుంచే నెమ్మదిగా వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకుంటున్నా మావయ్యా."

"వాణ్ణి తిట్టకమ్మా. నన్ను తిట్టు."

మీ తప్పేం లేదు అనాలని ఆమెకి తెలుసు. ఎవరైనా అదే అంటారు. నోరు రాలేదు. ఆయన తప్పు ఉందని కాదు, లేదని కాదు. అంత తేలిగ్గా అనేసే మాట కాదనిపించింది.

"నాకు కొంచెం టైం కావాలి" అంది చివరికి. "ఒకటి మాత్రం చెప్తున్నా. ఇంకెప్పుడూ నా బండి జోలికి రాకండి. భయమేస్తే నోటితో చెప్పండి."

"చెప్తే వింటావా?"

"వినకపోవచ్చు. అయినా చెప్పండి."

ఆయన పక్కన పెట్టిన సీసా తీసి రెండు గుక్కలు తాగాడు.

"భయమేస్తోందమ్మా" అన్నాడు.

"నాకూ."

లేచి బండెక్కారు. సీటుబెల్టు పెట్టుకోవడం ఆయనకి చేతకాలేదు. ఆమె వంగి పెట్టింది. తిరుగుదారిలో అరవై దాటలేదు. వెనకొచ్చిన బళ్లన్నీ హారన్ కొట్టి దాటిపోతుంటే ఆమె పోనిచ్చింది. పిల్ల స్కూలు వదిలే వేళకి గేటు దగ్గరికి చేరారు. ముందు సీట్లో తాతయ్యని చూసి లాయరు నోరెళ్లబెట్టింది.

ఇప్పుడు ఆమె బయల్దేరేముందు ఆయన గుమ్మంలోకి వచ్చి, ఏ దారిన పోతున్నావు, లారీలు ఎక్కువగా ఉంటాయా, ఎన్నింటికి చేరతావు అని అడుగుతాడు. చూలుగేదె ఒకటి అవతల ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే ఈ జవాబులన్నీ చెప్పేసరికి ఆమెకి ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. చెప్పే వెళుతుంది.